ఎల్‌పీ, డిజిటల్: ఇంట్లో పక్కపక్కన పెట్టి వినే పద్ధతి

ఎల్‌పీ రికార్డు ఒక పక్క మొత్తం వింటారు. తర్వాత అదే ఆల్బమ్‌ను ఫోన్‌లో తెరిచి బ్లూటూత్ మీద వింటారు. రికార్డే బాగుందనో, చిటపటలు తప్ప అందులో ఏముందనో అక్కడికక్కడే తేల్చేస్తారు. కానీ ఆ కాసేపట్లో మారింది రికార్డు, ఫైలు మాత్రమే కాదు. ఎల్‌పీ కోసం తయారైన మాస్టర్ (విడుదలకు చివరిగా సిద్ధం చేసిన రికార్డింగ్) వేరు, స్ట్రీమింగ్‌కు ఇచ్చిన మాస్టర్ వేరు కావచ్చు. శబ్దం దాటి వచ్చిన సర్క్యూట్లు వేరు. అన్నిటినీ మించి, లెవెల్, అంటే శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది, వేరు. వీటిలో ఏది ఎంత తేడా తెచ్చిందో చెవి విడదీసి చెప్పదు. అన్నీ కలిపి ఒకే అభిప్రాయంగా చేతికిస్తుంది.

అందుకే ముందు ప్రశ్నను రెండు ముక్కలు చేసుకోవాలి. రికార్డు నుంచి వచ్చే శబ్దాన్ని డిజిటల్‌గా మారిస్తే అందులోంచి ఏమైనా పోతుందా? ఇది మొదటిది. ఈ రికార్డుకూ ఇదే ఆల్బమ్ డిజిటల్ విడుదలకూ మధ్య వినిపిస్తున్న తేడా ఎక్కణ్నుంచి వస్తోంది? ఇది రెండోది. రెండింటికీ పరీక్షలు వేరు. ఒకదాని జవాబు తెచ్చి రెండోదానికి అతికించడం వల్లే ఈ వాదన ఏళ్ల తరబడి తెగడం లేదు.

కావలసిన సరంజామా

టర్న్‌టేబుల్, ఫోనో స్టేజ్ (రికార్డు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచి సరిదిద్దే సర్క్యూట్), కనీసం రెండు లైన్ ఇన్‌పుట్లున్న ఆంప్లిఫయర్, స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్లు ఎలాగూ ఉంటాయి. వీటికి తోడు ఎడమ, కుడి గెయిన్ నాబ్‌లు విడివిడిగా ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని డిజిటల్‌గానూ, తిరిగి అనలాగ్‌గానూ మార్చే పెట్టె), కంప్యూటర్, ఒకటి రెండుగా చీలే ఆర్‌సీఏ వై కేబుళ్లు రెండు, ఏసీ వోల్టులు చూపే మల్టీమీటర్ కావాలి. ముల్లు ఒత్తిడి కొలవడానికి 0.01 గ్రాము దాకా చూపే చిన్న తూకం, కాట్రిడ్జ్ (ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) అమరిక చూసే ప్రొట్రాక్టర్ (గీతలు గీసిన కొలత పలక) ఉండాలి. స్విచ్ మార్చడానికి ఓపికున్న మనిషి ఒకరు కావాలి. టెస్ట్ రికార్డు ఉంటే మేలు, లేకపోయినా పని జరుగుతుంది.

ఆంప్‌లో పాతకాలపు టేప్ మానిటర్ లూప్ (శబ్దాన్ని బయటి యంత్రానికి పంపి తిరిగి తెచ్చుకునే దారి) ఉంటే వై కేబుళ్లు అక్కర్లేదు. రెక్ అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్‌లోకి, ఇంటర్‌ఫేస్ నుంచి టేప్ ఇన్‌లోకి కలిపితే చాలు. టేప్ మానిటర్ బటన్ నొక్కినప్పుడల్లా నేరు శబ్దం, డిజిటల్‌గా మారి వచ్చిన శబ్దం ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తాయి. ఈ పరీక్షకు ఇంతకంటే అనువైన స్విచ్ లేదు.

ముందు టర్న్‌టేబుల్ సంగతి

అమరిక సరిగా లేని టర్న్‌టేబుల్‌తో పోలిస్తే ఎల్‌పీకి అన్యాయం జరుగుతుంది. తేడా వినిపిస్తుంది కానీ అది ఆ మాధ్యమానిది కాదు, వదులుగా ఉన్న స్క్రూది.

ముల్లు ఒత్తిడితో మొదలుపెట్టండి. కాట్రిడ్జ్ తయారీదారు చెప్పిన అంకెనే పెట్టాలి. ఉదాహరణకు ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈకి 2.0 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు. టోన్‌ఆర్మ్ (కాట్రిడ్జ్‌ను మోసే చేయి) వెనక బరువు మీదున్న గీతలను నమ్మకుండా తూకంతో చూడండి. తూకం పళ్లెం రికార్డు ఎత్తులోనే ఉండాలి, లేకపోతే అంకె మారుతుంది. తూకంలో ఇనుప భాగాలుంటే కాట్రిడ్జ్‌లోని అయస్కాంతం వాటిని లాగి తప్పు బరువు చూపిస్తుంది. ముల్లును దగ్గరకు తెచ్చినప్పుడు తాకకముందే అంకె కదిలితే ఆ తూకం పనికిరాదు. రికార్డు అరగకుండా ఉంటుందని ఒత్తిడి తగ్గించేవాళ్లున్నారు, అది తిరగబడే ఉపాయం. తేలికైన ముల్లు పెద్ద శబ్దాల దగ్గర గాడి గోడను వదిలి ఎగిరి, తిరిగి పడుతూ గాడిని చెక్కేస్తుంది. చెప్పిన హద్దుల్లో కాస్త పైవైపు ఉండటమే క్షేమం.

తర్వాత అమరిక. బేర్‌వాల్డ్ లెక్క ప్రకారం గీసిన ప్రొట్రాక్టర్‌లో కేంద్రం నుంచి 66.0, 120.9 మిల్లీమీటర్ల దగ్గర రెండు బిందువులుంటాయి. ఆ రెండు చోట్లా కాట్రిడ్జ్ పక్క అంచు గళ్ల గీతలకు సమాంతరంగా నిలవాలి. ఒకచోట కుదిరి రెండోచోట కుదరకపోతే కాట్రిడ్జ్‌ను హెడ్‌షెల్‌లో ముందుకో వెనక్కో అర మిల్లీమీటరు జరిపి మళ్లీ చూడండి. జరిపిన ప్రతిసారీ ఒత్తిడి మారుతుంది కాబట్టి చివర్లో మరోసారి తూచాలి. ముందు నుంచి చూస్తే కాట్రిడ్జ్ ఏ పక్కకూ ఒరగకూడదు. ఒరిగితే ఎడమ శబ్దం కుడిలోకి, కుడిది ఎడమలోకి ఎక్కువగా కారుతుంది.

టోన్‌ఆర్మ్‌ను లోపలికి లాగే శక్తిని ఎదుర్కొనే అమరిక యాంటీస్కేటింగ్. దాన్ని మొదట ముల్లు ఒత్తిడి అంకెకే పెట్టి, రికార్డు చివరి పాటలో గాయని పలికే 'స', 'ష' అక్షరాలను వినండి. కుడి ఛానల్‌లో మాత్రమే గీరుకుపోతుంటే యాంటీస్కేటింగ్ చాలలేదు, ఎడమలో మాత్రమే అయితే ఎక్కువైంది. కుడి ఛానల్ ఉండేది గాడి బయటి గోడ మీద. టోన్‌ఆర్మ్ లోపలికి లాగుతున్నప్పుడు ముల్లు ముందుగా పట్టు వదిలేది ఆ గోడనే.

కలపడంలో జరిగే పొరపాట్లు రెండు. టర్న్‌టేబుల్ ఫోనో అవుట్‌పుట్‌ను ఫోనో స్టేజ్ లేకుండా నేరుగా మామూలు ఆక్స్‌లో పెడితే శబ్దం సన్నగా, బేస్ లేకుండా, వాల్యూమ్ ఎంత పెంచినా చాలనట్టు ఉంటుంది. టర్న్‌టేబుల్ వెనక స్విచ్ లైన్‌లో ఉండగా దాన్ని ఆంప్ ఫోనో ఇన్‌పుట్‌లో పెడితే బేస్ ఉబ్బి, గొంతు పగిలినట్టు మోగుతుంది. రెండింటికీ మూలం ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, ఫోనో స్టేజ్ దాన్ని తిరగేస్తుంది. 1 కిలోహెర్ట్జ్‌ను ఆధారంగా తీసుకుంటే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెళ్లు పెంచుతుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గిస్తుంది. ఈ దిద్దుబాటు ఒక్కసారే జరగాలి. అసలు జరగకపోతే మొదటి లక్షణం, రెండుసార్లు జరిగితే రెండోది.

ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదిలే 'మూవింగ్ మాగ్నెట్' రకం కాట్రిడ్జ్‌కు 47 కిలోఓమ్‌ల లోడ్ ఉంటుందని చాలామందికి తెలుసు. కెపాసిటెన్స్ (తీగలు విద్యుత్తును నిలువ చేసే గుణం) సంగతి మాత్రం మర్చిపోతారు. కాట్రిడ్జ్‌ను బట్టి 100 నుంచి 300 పికోఫారడ్ల మధ్య ఏదో ఒక హద్దు చెప్పి ఉంటుంది. టోన్‌ఆర్మ్ లోపలి తీగ, కేబుల్, ఫోనో ఇన్‌పుట్ మూడూ కలిపి ఆ హద్దులో ఉండాలి. మించిపోతే పై స్వరాల్లో ఒకచోట మెరుపు పెరిగి, దాని పైన చప్పున పడిపోతుంది. మెరుపు పెరిగితే 'వివరాలు ఎక్కువ' అనీ, పడిపోతే 'వెచ్చగా ఉంది' అనీ మెచ్చుకుంటుంటారు. చాలా సార్లు ఆ మెప్పు పొడవెక్కువైన కేబుల్‌కు చెందాలి.

వేగాన్ని 3150 హెర్ట్జ్ టోన్ ఉన్న టెస్ట్ రికార్డుతో కొలవచ్చు. 3150కి బదులు 3181 వస్తే ఒక శాతం వేగం ఎక్కువ. అర్ధస్వరం అంటే దాదాపు ఆరు శాతం కాబట్టి ఒక శాతానికి శ్రుతి తప్పినట్టు అనిపించదు. కానీ పక్కపక్కన వింటే వేగంగా తిరిగేది మరింత హుషారుగా, కాంతిగా తోస్తుంది.

రికార్డును పొడిగా బ్రష్ చేయండి, మరీ మురికిగా ఉంటే డిస్టిల్డ్ నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ముల్లును వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవాలి. చివరగా ఒక చిన్న పరీక్ష. టర్న్‌టేబుల్ మోటారు ఆపి, రికార్డు మీద ముల్లు దించి, మామూలుగా వినే వాల్యూమ్‌కు పెంచి, టర్న్‌టేబుల్ ఉన్న బల్లను వేలితో తట్టండి. స్పీకర్లలో ఆ చప్పుడు గట్టిగా వినిపించినా, ఊళ పెరుగుతూ పోయినా స్పీకర్ల కదలిక ముల్లుకు చేరుతోందన్నమాట. వేరే బల్ల మీదికో గోడకు బిగించిన పలక మీదికో మార్చేదాకా మిగతా పరీక్షలు మొదలుపెట్టకండి. ఆ ఊళ బేస్‌ను లావుగా చేస్తుంది, విన్నవాళ్లు దాన్ని రికార్డు గొప్పతనం ఖాతాలో వేస్తారు.

డిజిటల్ వైపు

ఇక్కడ పని తక్కువ. బ్లూటూత్ వద్దు, తీగతోనే కలపండి. ప్లేయర్‌లో ఈక్వలైజర్, లౌడ్‌నెస్ సమం చేసే ఆప్షన్లు, క్రాస్‌ఫేడ్, 'సరౌండ్' మెరుగులు అన్నీ ఆపండి. స్ట్రీమింగ్ అయితే లాస్‌లెస్ నాణ్యత (శబ్దంలో ఏదీ వదలనిది) ఎంచుకోండి, వీలైతే సీడీ లేదా కొనుక్కున్న ఎఫ్‌ఎల్‌ఏసీ ఫైలు (ఇదీ లాస్‌లెస్సే) వాడండి. స్ట్రీమింగ్‌లో ఉన్న మాస్టర్ చెప్పాపెట్టకుండా మారిపోవచ్చు, చేతిలో ఉన్న ఫైలు మారదు.

లెవెల్ సమం చేయడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే పాటించే ఓపిక ఉంటే, ఇదే పాటించండి. రెండు శబ్దాల మధ్య అర డెసిబెల్ తేడా ఉంటే అది 'గట్టిగా ఉంది' అని వినిపించదు. 'నిండుగా ఉంది', 'గొంతు ముందుకొచ్చింది', 'బేస్ బాగుంది' అని వినిపిస్తుంది. అందుకే చెవితో సమం చేస్తే చాలదు. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ కూడా చాలదు, గదిలో తల కాస్త కదిలినా దాని అంకె మారుతుంది.

తేడా 0.1 డెసిబెల్ లోపు ఉండాలి. అంటే వోల్టేజ్‌లో 1.2 శాతం. ఒక దారిలో మీటరు 1.000 వోల్టు చూపితే రెండో దారిలో 0.988 నుంచి 1.012 మధ్య ఉండాలి. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి కొలవండి. ప్రోబ్‌లు ఒకదానికొకటి తగిలితే ఆంప్ కాలిపోవచ్చు, కాబట్టి వాల్యూమ్ తగ్గించి బిగించాక పెంచండి. చౌక మీటర్లు 400 హెర్ట్జ్ పైన ఖచ్చితంగా చూపవు. అయినా ఇబ్బంది లేదు. ఒకే టోన్‌ను రెండు దారుల్లో పోలుస్తున్నాం కాబట్టి మీటరు తప్పు రెండుచోట్లా ఒకటే. క్లాస్ డి (స్విచింగ్ రకం) ఆంప్ అయితే స్విచింగ్ అవశేషం వల్ల మీటరు వింత అంకెలు చూపవచ్చు, అప్పుడు ప్రీ అవుట్ దగ్గరో హెడ్‌ఫోన్ అవుట్ దగ్గరో కొలవండి. ఎడమ, కుడి ఛానళ్లను విడివిడిగా చూడాలి.

మొదటి పరీక్ష: రికార్డు, దాని డిజిటల్ నకలు

ఫోనో స్టేజ్ అవుట్‌పుట్‌ను వై కేబుళ్లతో రెండుగా చీల్చండి. ఒక కొమ్మ నేరుగా ఆంప్ మొదటి లైన్ ఇన్‌పుట్‌కు వెళ్తుంది. రెండోది ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు, అక్కడ డిజిటల్‌గా మారి, కంప్యూటర్ గుండా తిరిగి, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఆంప్ రెండో లైన్ ఇన్‌పుట్‌కు వెళ్తుంది. చీల్చాల్సింది ఫోనో స్టేజ్ తర్వాతే. కాట్రిడ్జ్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే, దాన్ని అక్కడే చీలిస్తే లోడ్ మారిపోయి శబ్దమూ మారుతుంది.

ఇలా చేయడంలో లాభం ఏమిటంటే రెండు దారుల్లోనూ మోగేది అదే రికార్డు, అదే ముల్లు, అదే క్షణం. చిటపటలు రెండింటిలోనూ ఉంటాయి, కాబట్టి వాటిని బట్టి ఏది ఏదో పసిగట్టలేరు. మాస్టర్ గొడవ లేదు, వేగం గొడవ లేదు. మిగిలిన తేడా డిజిటల్ మార్పిడిది మాత్రమే.

ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌పుట్‌ను 'లైన్'లో ఉంచండి, 'మైక్' లేదా 'ఇన్‌స్ట్రుమెంట్'లో కాదు. 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఎంచుకోండి. రికార్డులో అతి పెద్ద శబ్దం వచ్చే చోట మీటరు మైనస్ 10, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఆగేలా గెయిన్ పెట్టండి. దుమ్ము వల్ల వచ్చే టిక్కులు సంగీతం కన్నా పైకి దూకుతాయి, ఆ ఖాళీ వాటికోసమే. ఎర్ర దీపం ఒక్కసారి వెలిగినా గెయిన్ తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక అందరూ పడే గోతి. చాలా ఇంటర్‌ఫేస్‌ల మీద 'డైరెక్ట్ మానిటర్' అనే బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంటే శబ్దం కంప్యూటర్ దాకా వెళ్లకుండానే, చాలా మోడళ్లలో అసలు డిజిటల్‌గా మారకుండానే అవుట్‌పుట్‌కు పోతుంది. గంటసేపు రెండు అనలాగ్ దారులను పోల్చి 'తేడా లేదు' అని తేల్చిన వాళ్లవుతారు. ఆ బటన్ ఆపి, రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ ఆన్ చేయండి. యూఎస్‌బీ తీగ లాగితే శబ్దం ఆగిపోవాలి. ఆగకపోతే దారి తప్పు.

బఫర్‌ను (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లకు దగ్గరగా పెడితే మొత్తం ఆలస్యం సుమారు పది మిల్లీసెకన్లు ఉంటుంది. 2048 పెడితే అది వంద మిల్లీసెకన్ల దగ్గరకు పోతుంది. అప్పుడు స్విచ్ మార్చినప్పుడు పాట ఒక ముక్క మళ్లీ వినిపించి ఏది డిజిటలో చెప్పేస్తుంది. బఫర్ మరీ తగ్గిస్తే టక్కులు వస్తాయి, అవీ ఆచూకీ ఇచ్చేవే. ఎలాగూ ప్రతి మార్పుకూ ముందు ఒక సెకను మ్యూట్ చేయిస్తే ఈ బెడద పోతుంది.

లెవెల్ సమం చేయడానికి ఫోనో స్టేజ్‌ను కాసేపు తీసేసి, ఫోన్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌ను వై కేబుళ్లకు కలిపి 1 కిలోహెర్ట్జ్ టోన్ ఫైలు మోగించండి. రికార్డు టోన్ కొద్దిగా ఊగుతుంది, ఇది ఊగదు. ఆంప్ వాల్యూమ్ ముట్టుకోకుండా నేరు దారిలో అంకె రాసుకోండి. తర్వాత రెండో దారిలో అదే అంకె వచ్చేదాకా ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ సర్దండి. ఎడమ, కుడి మధ్య మిగిలిన తేడాను ఇన్‌పుట్ గెయిన్ నాబ్‌లతో దిద్దండి. ఆపైన 100 హెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్ టోన్లతోనూ రెండు దారులు సరిపోతున్నాయో చూడండి. మూడుచోట్లా 0.1 లోపు ఉంటే ఇంటర్‌ఫేస్ నమ్మదగినదే. ఫోనో స్టేజ్ తిరిగి కలిపాక ఆ నాబ్‌లను మళ్లీ తిప్పకండి. రికార్డు లెవెల్ చూసి గెయిన్ ముందే పెట్టుకోవాలన్నది ఇందుకే.

ఇప్పుడు వినడం. సహాయకుడు మీ వెనక కూర్చోవాలి. ఆంప్ ముందున్న దీపాలను గుడ్డతో కప్పండి. మొదట ఏది నేరు, ఏది నకలు అని తెలిసి కావలసినంతసేపు వినండి. తేడా ఫలానా చోట ఉందనిపించాకే లెక్క మొదలుపెట్టండి. సహాయకుడు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే నేరు దారి, బొరుసు పడితే నకలు పెట్టి కాగితం మీద రాసుకోవాలి. దారి మారినా మారకపోయినా మ్యూట్ చేసి, స్విచ్‌ను అన్నేసిసార్లు తిప్పి, మళ్లీ తెరవాలి. రిలే టక్కుమన్న చప్పుడు ఒక్కటి చాలు, ఫలితమంతా పాడవుతుంది. మీ జవాబు మీరు వేరే కాగితం మీద రాయండి, మధ్యలో మార్కులు అడగకండి.

పదహారు సార్లు చేస్తానని ముందే నిర్ణయించుకోండి. గుడ్డిగా ఊహిస్తే పదహారులో పన్నెండు లేదా అంతకంటే ఎక్కువ సరిపోయే అవకాశం 4 శాతం లోపే. పన్నెండు లేదా అంతకు మించి వస్తే మీకు ఏదో వినిపిస్తున్నట్టే. పదికి ఎనిమిది గొప్పగా కనిపిస్తుంది కానీ ఊహతోనే 5 శాతానికి పైగా సార్లు వస్తుంది. మార్కులు బాగున్నచోట ఆపడం, బాగాలేకపోతే ఇంకో నాలుగు ఆడటం కుదరదు. చెవి అలసిపోతే ఆగి, మర్నాడు అక్కణ్నుంచే కొనసాగించవచ్చు.

పన్నెండు లేదా అంతకు మించి వస్తే సంబరపడే ముందు ఈ వరుసలో వెతకండి: లెవెల్ మళ్లీ కొలవండి, నకలు దారిలో మాత్రమే సన్నని హమ్ ఉందేమో చూడండి, ఎర్ర దీపం వెలిగిందేమో చూడండి, ఎడమ కుడి తారుమారయ్యాయేమో చూడండి. కంప్యూటర్ ఛార్జర్ గుండా వచ్చే గ్రౌండ్ లూప్ హమ్ చాలాసార్లు దొంగ. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే అది పోతుంది. ఇవన్నీ సరిచేశాక చాలామందికి మార్కులు ఎనిమిది, తొమ్మిది దగ్గరకు వచ్చి ఆగుతాయి. ఇలాంటి అమరికతోనే, సీడీ ప్రమాణంలో మార్పిడిని మధ్యలో పెట్టి, మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. మామూలు వాల్యూమ్‌లో వాళ్ల శ్రోతలు తేడా పట్టలేకపోయారు. వాళ్లు వాడింది రికార్డులు కాదు, అంతకంటే నిశ్శబ్దంగా ఉండే హై రిజల్యూషన్ డిస్కులు. రికార్డు గాడి రొదకూ సంగీతానికీ మధ్య ఉండేది మహా అయితే 60, 70 డెసిబెళ్లు. 16 బిట్లకే అది 96. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పట్టడంలో వింత లేదు.

లూప్ ఏర్పాటు కుదరనివాళ్లకు దగ్గరి దారి ఉంది. రికార్డును 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించుకుని, దాని నుంచి 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ నకలు తీసి, ఫూబార్2000 సాఫ్ట్‌వేర్‌లోని ఏబీఎక్స్ కంపారేటర్‌తో (ఏది ఏదో దాచి వినిపించే ఉపకరణం) రెండు ఫైళ్లను పోల్చండి. స్విచ్, నాణెం, లెక్క అన్నీ అదే చూసుకుంటుంది, సహాయకుడూ అక్కర్లేదు.

రెండో పరీక్ష: ఈ రికార్డు, ఆ విడుదల

ఇక్కడ ఏది మోగుతోందో దాచలేం, మొదటి టిక్కే చెప్పేస్తుంది. కాబట్టి మార్కుల ఆట వదిలేసి, తేడాను ముక్కలుగా విప్పి చూడటమే పని.

రికార్డు పాటను ఎక్కించి, అదే పాట డిజిటల్ ఫైలుతో పాటు ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ముందు వేగం. పాట మొదట్లో ఒక డ్రమ్ము దెబ్బ, చివర్లో మరొకటి ఎంచుకుని వాటి మధ్య కాలం రెండింటిలోనూ కొలవండి. డిజిటల్‌లో 170.00 సెకన్లు, రికార్డులో 169.15 వస్తే మీ టర్న్‌టేబుల్ అర శాతం వేగంగా తిరిగింది. రికార్డు ట్రాక్ వేగాన్ని మైనస్ 0.5 శాతం మార్చండి. తర్వాత రెండింటి నుంచీ ఒకే ముప్పై సెకన్ల భాగాన్ని కత్తిరించి, లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో రెండింటినీ మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి తోచే గట్టిదనానికి కొలమానం) తెండి. కత్తిరించాకే సమం చేయాలి. పాట మొత్తానికి చేస్తే మీరు వినే ముక్క దగ్గర తేడా మిగిలిపోతుంది.

ఇప్పుడు ఒకదాని మీద ఒకటి మారుస్తూ వినండి. డిజిటల్ ఫైలు ఇందాకటి కన్నా చప్పగా, నలిగినట్టు అనిపిస్తే దాని వేవ్‌ఫామ్ చూడండి. శిఖరాలన్నీ ఒకే ఎత్తులో కత్తిరించినట్టుంటే లౌడ్‌నెస్ కోసం లిమిటర్‌తో నొక్కేశారు. అది మాస్టరింగ్ గది నిర్ణయం, డిజిటల్ లక్షణం కాదు. అయితే రికార్డు వేవ్‌ఫామ్ ఎగుడుదిగుడుగా ఉన్నంత మాత్రాన దానికి వేరే మాస్టర్ వాడారనుకోవద్దు. అదే నొక్కిన మాస్టర్‌ను గాడిలో కోసినా, కోత, కాట్రిడ్జ్, ఫోనో స్టేజ్ కలిసి ఫేజ్ (స్వరాల మధ్య సమయ సంబంధం) మార్చడం వల్ల శిఖరాలు ఒరిగి పైకి లేస్తాయి. డైనమిక్ రేంజ్ మీటర్లు ఆ ఫైలుకు నాలుగైదు అంకెలు ఎక్కువ ఇచ్చినా వినడానికి నలుగుడు అలాగే ఉంటుంది. ఈ అంకెలు చూసి రికార్డులు కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

'అనలాగ్ నుంచి నేరుగా కోసిన రికార్డు' అన్న నమ్మకాన్నీ పక్కన పెట్టి వినండి. ఇప్పుడు వచ్చే ఎల్‌పీల్లో ఎక్కువ భాగం డిజిటల్ ఫైలు నుంచి కోసినవే. మొబైల్ ఫిడిలిటీ సంస్థ రికార్డుల్లో ఏళ్లుగా డీఎస్‌డీ అనే డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడేదాకా, వాటిని అనలాగ్ ధ్వనికి నమూనాగా చూపినవారు ఎందరో.

తర్వాత స్పెక్ట్రమ్, అంటే ఏ స్వరస్థాయిలో ఎంత శబ్దం ఉందో చూపే చిత్రం. రెండు ముక్కలకూ ప్లాట్ స్పెక్ట్రమ్ తీసి పక్కపక్కన పెట్టండి. రికార్డులో 10 కిలోహెర్ట్జ్ పైన రెండు మూడు డెసిబెళ్లు తక్కువ, కింద 100 హెర్ట్జ్ దగ్గర కాస్త ఎక్కువ అన్నట్టు ఏదో వాలు కనిపిస్తుంది. ఫిల్టర్ కర్వ్ ఈక్యూతో డిజిటల్ ఫైలుకు ఆ వాలే ఇచ్చి, లౌడ్‌నెస్ మళ్లీ సమం చేసి వినండి. 'వెచ్చదనం' ఇందులోకీ వచ్చేస్తే, మీకు నచ్చింది ఆ వాలు. రానిది ఏదైనా మిగిలితే డిజిటల్ ఫైలులో ఎడమ, కుడి ఛానళ్లను కొద్దిగా కలిపి చూడండి. కాట్రిడ్జ్‌లో ఛానళ్ల మధ్య ఎడం 20 నుంచి 30 డెసిబెళ్లే, డిజిటల్‌లో 90 దాటుతుంది. పైగా ముల్లు ఎగరకుండా రికార్డుల్లో లోతైన బేస్‌ను తరచూ మధ్యకు తెస్తారు. హెడ్‌ఫోన్లలో ఎల్‌పీ సుఖంగా అనిపించడానికి ఇది పెద్ద కారణం, అయినా దీన్ని తలిచేవాళ్లు తక్కువ.

ఏ భాగం వింటున్నారన్నదీ ఫలితాన్ని మారుస్తుంది. 33 1/3 వేగంలో గాడి బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్లు కదిలితే, లోపలి పాట దగ్గర 21కి పడిపోతుంది. 10 కిలోహెర్ట్జ్ అల ఒక్కటి బయట 51 మైక్రాన్లు, లోపల 21 మైక్రాన్లు. 15 మైక్రాన్లకు పైగా అర్ధవ్యాసం ఉన్న గుండ్రటి ముల్లు ఆ మలుపుల్లో దూరలేదు, అంచులు ఎక్కి దాటేస్తుంది. మొదటి పాట దగ్గర గెలిచిన రికార్డు చివరి పాట దగ్గర ఓడిపోవడం అందుకే. కనీసం మూడు ముక్కలు తీసుకోండి: మొదటి పాటలో ఒకటి, చివరి పాటలో 'స', 'ష' ఎక్కువున్నది ఒకటి, సాగదీసిన పియానో లేదా వేణువు స్వరం ఒకటి. ఆ మూడోది శ్రుతి ఊగిసలాటను పట్టిస్తుంది. రంధ్రం మధ్యలో లేని రికార్డు అయితే ఊగు రెండు సెకన్లకు కాస్త లోపు ఒకసారి తిరిగి వస్తుంది, అది టర్న్‌టేబుల్ తప్పు కాదు.

రెండో పరీక్ష ముగిసేసరికి రికార్డు మాస్టరే మెరుగని తేలిన ఆల్బమ్‌లు కొన్ని మిగులుతాయి. వాటిని ముల్లు కొత్తగా ఉన్నప్పుడే, కడిగి ఆరబెట్టిన వెంటనే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించి ఎఫ్‌ఎల్‌ఏసీగా దాచుకోండి. టిక్కులను చేత్తో ఒక్కొక్కటే తీయండి. ఆటోమేటిక్ నాయిస్ తగ్గింపు హై హ్యాట్ తోకను, పియానో మొదటి తాకిడిని కూడా తినేస్తుంది. ఫైలు వివరాల్లో రికార్డు చివరి ఖాళీ గాడి దగ్గర చెక్కిన అక్షరాలు, కాట్రిడ్జ్ పేరు, ముల్లు ఒత్తిడి, తేదీ రాసి పెట్టండి. ముల్లు మార్చాక అదే పాట మళ్లీ ఎక్కించి పోల్చాలంటే ఇవన్నీ కావలసి వస్తాయి.